పేరు వద్దన్న ఉత్తరం

హరీష్ పోయిన రోజున గురవయ్య నున్నగా చేసిన రాయి ముందు కూర్చుని కాగితం కోసం ఎదురుచూస్తున్నాడు. మా బడిలో కొత్తగా కట్టిన గదికి శిలాఫలకం అది. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాళ్లు ఎందరున్నా అక్షరాలకు మాత్రం అందరూ గురవయ్య దగ్గరికే పోతారు. నా తమ్ముడు హరీష్ తన డీటీపీ దుకాణంలో అక్షరాలను అసలు కొలతలో అచ్చు తీసి ఇస్తే, గురవయ్య ఆ కాగితాన్ని రాతికి అంటించి దాని మీదుగా ఉలి నడుపుతాడు. ఆ రోజు ప్రింటర్‌లో పొడి అయిపోయింది. తెస్తానని హరీష్ బండి మీద నంద్యాలకు బయలుదేరాడు. శిరివెళ్ల దాటిన తర్వాత ఎదురుగా లారీ వచ్చింది.

మధ్యాహ్నం గురవయ్య బడికి వచ్చి, "మీ తమ్ముడు యాడికి పోయినాడు సార్? పొద్దున్నుంచి చూస్తాండా," అని అడిగాడు. నేను అప్పుడే ఫోన్ పెట్టేసి ఉన్నాను. ఆయనకు ఏం చెప్పానో గుర్తు లేదు.

అది రెండు వేల ఐదు కార్తీకం. దినాలు అయిన మర్నాడు వెలుగోడు నుంచి హరీష్ భార్య మల్లీశ్వరి అన్న, శివకుమార్, జీపు తెచ్చాడు. ఆమె తన బట్టల పెట్టె ఎక్కించుకుంది. దుకాణంలోని కంప్యూటర్‌ను దుప్పటిలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. ఆమెను ఎవరూ ఆపలేదు, ఎవరూ గేటు దాకా వెళ్లలేదు. అమ్ముకోవడానికే తీసుకుపోతోందని మా ఇంట్లో అన్నారు. నేను అనలేదు. కాదని కూడా అనలేదు.

కిందటి వారం బడి కంప్యూటర్ గదిలో జరిగింది మరచినవారి కోసం మళ్లీ చెబుతాను. మా బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే అనిత కొత్త లినక్స్ సీడీ ఒకటి తెప్పించింది. లినక్స్ అంటే కొనక్కర్లేని కంప్యూటర్ వ్యవస్థ. వేర్వేరు ఊళ్లవాళ్లు కలిసి తయారుచేసి సీడీల మీద పంచుతారు. ఈ సీడీ ఇంకా పరీక్షలోనే ఉందట, అసలుది విడుదల కావలసి ఉందట. అందులో ఈమాక్స్ అనే ఎడిటర్, అంటే రాసుకునే పలక వంటిది, తెరిచి ఆమె తెలుగులో ఒక వాక్యం కొట్టి, సేవ్ మీట నొక్కి దాచమంది. అది వెంటనే దాచుకోలేదు. వాక్యంలోని అక్షరాలన్నీ ఒకదానికొకటి ఎడంగా జరిగి నిలబడ్డాయి. కింద "చదివారా?" అన్న ప్రశ్న వచ్చింది. అవునంటే గాని దాచుకోలేదు.

ఆ ప్రశ్న అడిగే కంప్యూటర్‌ను నేను అంతకు ముందు ఒక్కదాన్నే చూశాను. అది హరీష్‌ది. రాతి మీద తప్పు పడితే రాయే పోతుంది గనక అతడు పెట్టుకున్న కట్టుబాటు అది. అనిత వివరాలు తెరిచి చూపింది. మూటగట్టినవారు: దేవసహాయం, నంద్యాల. హరీష్ పేరు ఎక్కడా లేదు.

నా తమ్ముడికి పిల్లలు లేరు. పొలం లేదు. దుకాణం అద్దెది. అతడు చేసిన పని అతడి పేరుతో ఉండాలని తప్ప నేను కోరుకున్నది ఏమీ లేదు.

రెండో శనివారం పొద్దున్నే నంద్యాల బస్సు ఎక్కాను. అడగవలసిన ప్రశ్నలను దారంతా వరుసలో పెట్టుకున్నాను. నేనెవరినన్న సంగతి ముందుగా చెప్పకూడదని, అతడి నోటితోనే అబద్ధం చెప్పించాలని అనుకున్నాను. శిరివెళ్ల వచ్చినప్పుడు కిటికీ వైపు చూడకుండా ముందు సీటు వెనక గీకి ఉన్న పేర్లు చదువుతూ కూర్చున్నాను.

దేవసహాయం ఇంటర్నెట్ సెంటర్ సంజీవనగర్‌లో ఒక మందుల దుకాణం మీద ఉంది. ప్లైవుడ్ చెక్కలతో చేసిన గదులు, ఒక్కో దానికి ఒక పూల పరదా. పిల్లలు అప్పటికి ఇద్దరు ముగ్గురే ఉన్నారు. అతడికి ముప్ఫై ఉంటాయి. సన్నని మనిషి, చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట స్క్రూడ్రైవర్ ఉంది. నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. ఈ వయసు మనిషి, చేతిలో సంచి లేకుండా, ఏమీ అడగకుండా గదులన్నీ కలియజూస్తుంటే ఏ ఆఫీసు నుంచి వచ్చాడో అనుకుని ఉంటాడు.

"ఇంటర్నెట్టుకా సార్? కార్డు ఉండాల. ఎలక్షన్ కార్డో, రేషన్ కార్డో."

తేలేదన్నాను. కార్డు జేబులోనే ఉంది. అందులో ఇంటిపేరూ ఊరూ ఉన్నాయి.

"ఏమనుకోవద్దండి. పోయిన నెల మా మేనమామ వస్తే ఆయన్ను గూడ అడిగినా. ఇంగా మాట్లాడతా లేడు."

నాకు ఇంటర్నెట్టు అక్కర్లేదని, ఒక శిలాఫలకానికి తెలుగులో రెండు వాక్యాలు కావాలని చెప్పాను. ఆ మాటతో అతడి ముఖం మారింది. మోసం చేసినవాడి ముఖంలో కనిపించవలసిన బెదురు కోసం చూశాను. కనిపించింది సంతోషం. స్టూలు లాగి తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. నేను చెప్పిన వాక్యాన్ని కొట్టాడు. తల్లి రామేశ్వరమ్మ జ్ఞాపకార్థం ఈ గదిని కట్టించినవారు అని మొదలయ్యే వాక్యం అది. దాచమనగానే అక్షరాలు ఎడంగా జరిగాయి. చదివారా అని అడిగింది.

"ఇది నువ్వు చేసిందేనా?" అన్నాను.

"నేను మూట కట్టినా అంతే సార్. చేసినాయన ఆళ్లగడ్డలో ఉండాడు."

ఉండాడు అన్నాడు, బతికి ఉన్న మనిషి గురించి అన్నట్టు. నేను వరుసలో పెట్టుకున్న ప్రశ్నల్లో ఆ మాటకు తగినది లేదు. ఇతడు చాలా తెలివైనవాడైనా అయి ఉండాలి, లేదా ఏమీ తెలియనివాడైనా అయి ఉండాలి అనుకుని, మూట కట్టడమంటే ఏమిటో చెప్పమన్నాను. అతడు ఓపికగా చెప్పాడు. ఒకరు తమ కోసం ఎడిటర్‌ను దిద్దుకుంటారు. ఏ మీట నొక్కితే ఏ అక్షరం రావాలి, దాచేముందు ఏం జరగాలి, ఇలాంటివి. అది వాళ్ల ఒక్క కంప్యూటర్‌లోనే నడుస్తుంది. దాన్ని ఎవరి కంప్యూటర్‌లోనైనా ఒకే తీరున ఎక్కేలా, వద్దనుకుంటే ఆనవాలు లేకుండా దిగిపోయేలా సర్దడం తన పని. ఎక్కించుకున్నవాడి సొంత అమరికలను ముట్టుకోకూడదు. ఇంటికి సున్నం కొట్టను పోయినోడు వంటింట్లో డబ్బాలు సర్దకూడదు గదా అన్నాడు. దీనికి జీతమేమీ లేదట. రాత్రి సెంటర్ మూసిన తర్వాత చేస్తాడట.

హరీష్‌ను అతడు ఒక్కసారే చూశాడు. ప్రింటర్ పొడి కొనడానికి వచ్చినప్పుడు పక్క వీధి అంగట్లో పరిచయమట. దసరా ముందు హరీష్ తన అమరికలన్నీ అతడికి పంపాడు. ఆ తర్వాత మాటలన్నీ ఈమెయిల్ ఉత్తరాల్లోనే.

"మరి దీంట్లో ఆయన పేరేదప్పా?"

"అదొక పెద్ద కత సార్," అని నవ్వాడు.

హరీష్ తన ఎడిటర్‌లో తన పేరు పెట్టుకున్నాడు. కొత్త కాగితం తెరిస్తే పైన హరీష్, ఆళ్లగడ్డ అని దానంతట అదే పడుతుంది. ఆ ఎడిటర్ నుంచే ఉత్తరాలు కూడా పంపుకోవచ్చు. ఎవరు కూర్చుని పంపినా అవి అదే పేరుతో పోతాయి. ఒక్కడే వాడే కంప్యూటర్‌లో అది తప్పు కాదు. దేవసహాయం ఆ సంగతి గమనించకుండా ఉన్నదున్నట్టు మూటగట్టాడు. పరీక్ష కోసం ఎక్కించుకున్న నాగపూర్ తెలుగాయన ఒకరు ఇంటి అద్దె గురించి ఓనరుకు రాస్తే, పైన హరీష్ పేరు వచ్చింది. నా ఇల్లు ఇంకెవరికి అద్దెకిచ్చావని ఓనరు గొడవ.

"లోకంలో ఎవరు ఏం రాసినా ఆళ్లగడ్డ హరీషే రాసినట్ల అయితాది సార్. అందుకే ఆడ తీసేసినా."

"తీసి నీ పేరు పెట్టుకున్నావు."

అతడు నా వైపు తిరిగాడు. నవ్వు పోయింది. తన పేరు మూట కట్టినవాడి చోట ఉందని, చేసినవాడి పేరుకు వేరే చోటు ఉందని తెరిచి చూపాడు. ఆ చోటు ఖాళీగా ఉంది. అక్కడ హరీష్ పేరు పెడతానని తాను రాశానని, హరీషే వద్దన్నాడని చెప్పాడు.

నేను నమ్మలేదు. ఆ సంగతి దాచుకోలేదు కూడా. ఉత్తరం చూపమన్నాను. అతడికి కోపం వచ్చినట్టుంది, అయినా తెరిచాడు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. పైన హరీష్, ఆళ్లగడ్డ అని ఉంది. నా పేరు ఎక్కడా వద్దు, ఉన్న చోటల్లా తీసేయ్ అని ఉంది.

"ఇది ఎప్పుడు వచ్చింది?"

"శివరాత్రి అయినాంక."

తమ్ముడు లేడన్న మాట నంద్యాలలో అంతవరకు ఎవరితోనూ అనవలసిన అవసరం నాకు రాలేదు.

"హరీష్ కార్తీకంలోనే పోయినాడప్పా. నేను వాళ్లన్నను."

దేవసహాయం మౌస్ మీద నుంచి చెయ్యి తీశాడు. వెనక పరదా చాటున ఏదో ఆటలో తుపాకులు పేలుతున్నాయి. వాళ్లను ఆపమని చెప్పి, తెర వైపే చూస్తూ అన్నాడు.

"నిన్న గూడ రాసినాడు సార్."

ఆ తర్వాత అతడు అడిగింది కార్డు. ఈసారి ఇచ్చాను. ఆదినారాయణ అన్న పేరూ తండ్రి పేరూ ఊరూ నిదానంగా చదివాడు. తిప్పి వెనక వైపు కూడా చూశాడు. నేను అతడిని ఎంతగా శంకించానో అతడు నన్ను అంతకు తక్కువ శంకించలేదు. మీ తమ్ముడు బతికే ఉండి, మీకు మీకు పడక, పని మీ పేరున రాయించుకోను వచ్చినారేమో నాకెట్ల తెలుస్తాది అన్నాడు. ఆ మాట నిజమే. నా దగ్గర చావు ధ్రువపత్రం లేదు. ఎవరైనా అలాంటి కాగితం జేబులో పెట్టుకుని తిరుగుతారా?

కార్డు తిరిగి ఇస్తూ, మీరు వస్తారని ముందే రాసినాడు అన్నాడు.

ఆ ఉత్తరం కూడా చూపాడు. మా అన్న అడగడానికి వస్తాడు, బడిలో పాఠాలు చెప్పే ఆయన, ఆయనకు పేరు సంగతి ఏమీ చెప్పొద్దు. అది అనిత సీడీ తెప్పించడానికి ముందే వచ్చింది. అప్పటికి ఆ ప్యాకేజీ, అంటే అతడు కట్టిన మూట, ఒకటుందని నాకే తెలియదు. నాకు తెలియక ముందే నేను వస్తానని ఎవరో లెక్కగట్టారు.

చచ్చినవాడు ఉత్తరాలు రాయడు. రాస్తున్నది ఎవరో ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నారు, పేరు దానంతట అదే పడుతోంది. అంతవరకు మా ఇద్దరికీ అనుమానం లేదు. కంప్యూటర్ వెలుగోడులో ఉంది. అమ్ముకోలేదన్న మాట. ఆ సంగతి నాకు అప్పుడు తెలిసింది.

వేరే ఉత్తరాలు ఏమున్నాయని అడిగాను. పేరు తీసేయమన్న ఉత్తరానికి ముందు పెద్ద వాదన ఒకటి నడిచిందని చెప్పి దేవసహాయం వెనక్కి వెళ్లాడు. లినక్స్ పెద్దలు, దాచే ముందు అడ్డం తగిలే ఆ ప్రశ్నను తీసేయమన్నారు. అడగకుండా పని ఆపే అమరిక అందరికీ ఇవ్వకూడదని వాళ్ల నియమం. దానికి హరీష్ పేరుతో వచ్చిన జవాబును నేను చాలా నిదానంగా చదివాను. చెక్కే మనిషి వేరు, చదివి వినిపించే మనిషి వేరు, చదివే మనిషికి మాట తెలిసి ఉంటుంది గనక కళ్లు ముందుకు పోతాయి, ఉన్నది కాక ఉండవలసింది చదువుతాయి, ఎడంగా పెడితే గాని నిలవవు అని ఉంది. ఆ జవాబు చూసే పెద్దలు ఒప్పుకున్నారట. ప్రశ్న ఉంచవచ్చు, వద్దనుకున్నవాళ్లు ఆపుకునే వీలు ఉండాలి అన్నారట.

హరీష్ ఎన్నడూ చదివి వినిపించలేదు. అచ్చు తీసేవాడు. గురవయ్య పక్కన కూర్చుని కాగితం మీది అక్షరాలను ఒక్కొక్కటిగా చదివేది మల్లీశ్వరి. గురవయ్యకు చదువు రాదు. ఆమె ఒక అక్షరం చదివితే ఆయన దాని మీద సుద్దతో గీత పెట్టేవాడు. బడికి పోతూ ఆ గొంతు దారిలో ఎన్నోసార్లు విన్నాను. దుకాణంలో పనిలేక కూర్చుందని అనుకునేవాణ్ణి.

ఈ జవాబు రాయగలిగినది ఆమె ఒక్కతే. అయితే భర్త చేసిన పని మీది నుంచి భర్త పేరు ఎందుకు తీసేయమంది? నాకు చెప్పొద్దని ఎందుకు రాసింది? దుప్పటిలో చుట్టిన కంప్యూటర్ గుర్తుకు వచ్చింది. ఆమె మీద ఉన్న అనుమానం పోలేదు, ఇంకో వైపు తిరిగింది.

మల్లీశ్వరి సంగతి నేను చెప్పాక దేవసహాయం తన సంగతి చెప్పాడు. రేపు కాక వచ్చే ఆదివారంతో, విడుదల కావలసిన అసలు సీడీకి కొత్తవి తీసుకోవడం ఆపేస్తారు. చేసినవాడి అనుమతి తన దగ్గర ఉందని పెద్దలకు తాను మాట ఇచ్చాడు. ఇప్పుడు చూస్తే ఆ అనుమతి ఇచ్చినది చేసినవాడు కాదు.

"దొంగ సంతకం మాదిరే గదా సార్ ఇది. నేను చెప్పకుండా ఉండలేను. చెప్తే తీసేస్తారు."

ఆ అనుమతి నేనిస్తాను అన్నాను. రాసిమ్మంటే ఇప్పుడే రాసిస్తాను, హరీష్ పేరు పెట్టు అన్నాను. అతడు తల అడ్డంగా ఊపాడు.

"మీరు కాదు సార్. అన్నకు యాడుంది హక్కు? ఆయమ్మ ఇయ్యాల."

హక్కు సంగతి అతడికంటే ముందు నాకు తోచి ఉండవలసింది. ఆదివారం దాకా ఎవరికీ రాయకుండా ఆగుతానని అతడు మాట ఇచ్చాడు. ఆమె ఒక్క మాట రాస్తే చాలు, పేరు పెట్టమన్నా సరే, వద్దన్నా సరే, తన పేరుతో రాయాలి. లేకపోతే ఆ ప్యాకేజీ సీడీలో ఉండదు. హరీష్ చేసినది ఆ ఒక్క కంప్యూటర్‌లో మిగిలి, అది చెడిపోయిన రోజున పోతుంది.

లేవబోతుంటే అతడు ఆపాడు. ఆ రాసేవాళ్లు రోజూ ఈ పొద్దుకే ఫోన్ లైన్ కలుపుతారట, ఉత్తరాలు వచ్చేది ఈ వేళకేనట. ఇప్పుడే అడుగుదాం, కూచోండి అన్నాడు. నేను వద్దనలేదు. అతడు కొడుతుంటే పక్కన కూర్చుని చదివాను.

"మీ అన్న వచ్చి ఈడ కూచోనుండాడు. హరీష్ లేడని చెప్తాండాడు. నువ్వు ఎవరు?"

దాచేముందు అక్షరాలు విడివిడిగా జరిగాయి. అతడు అవునన్నాడు. ఉత్తరం పోయింది.

టీ తెప్పించాడు. నేను తాగలేదు. అతడు ఏదో గదిలో తెర పనిచేయడం లేదంటే వెళ్లి చూసి వచ్చాడు. జవాబు వస్తే మల్లీశ్వరితో ఏం మాట్లాడాలో ఆలోచించాను. ఆమె పేరు పెట్టి పిలిచి నాలుగు నెలలు దాటింది. అమ్మా అని మొదలుపెట్టాలా, ఏం చేస్తున్నావు అని మొదలుపెట్టాలా అన్నది తేలలేదు. ఏది ఏమైనా రాస్తున్నది ఆమేనని మాత్రం నిశ్చయించుకున్నాను.

అప్పుడు జవాబు వచ్చింది. దేవసహాయం చదివి, తన కుర్చీ వెనక్కి జరుపుకుని నాకు చోటు ఇచ్చాడు. పైన ఎప్పటిలాగే హరీష్, ఆళ్లగడ్డ అని ఉంది. కింద ఇంతే ఉంది.

"ఆయన్ను వెలుగోడుకు రమ్మను. మల్లీశ్వరికి మాత్రం తెలియనీయొద్దు."

"ఆయమ్మ కాదు సార్ ఇది," అన్నాడు దేవసహాయం.

ఇంకేమైనా వస్తుందేమోనని చూశాం. రాలేదు. లైన్ తీసేసి ఉంటారన్నాడు. మెట్లు దిగి బస్టాండుకు నడిచాను. ఆత్మకూరు బస్సు వెలుగోడు మీదుగానే పోతుంది, అది నిండి ఉంది. ఆళ్లగడ్డ బస్సు ఇంకా రాలేదు. రెండు బోర్డులూ కనిపించే చోట నిలబడ్డాను.

నా తమ్ముడి పేరుతో ఉత్తరాలు రాస్తున్నది ఎవరో నాకు తెలియదు. చేసినవాడి పేరు ఉండవలసిన చోటు ఖాళీగానే ఉంది. అనుమతి ఇవ్వవలసిన మల్లీశ్వరిని ఇంతవరకు ఎవరూ ఏమీ అడగలేదు.